‘జీతాల పరిమితిని కోల్పోవడం’: ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

మొదటి పోస్టు, అనంతపురం నుంచి

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు ఇక్కడే అనంతపురంలో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. ఆటల గురించి తెలుగులో ఏం కనిపించినా వదలకుండా చదువుతాడు. నిన్న రాత్రి ఫోన్ తెచ్చి, “మామా, దీనికి అర్థం చెప్పు” అన్నాడు. అందులో ఉన్న వాక్యం ఇది:

“జీతాల పరిమితిని కోల్పోవడం ఒక వృత్తిపరమైన ఫుట్‌బాల్ జట్టును ఎలా ప్రభావితం చేయగలదు?”

రెండుసార్లు చదివినాను. మాటలన్నీ తెలుగే, వాక్యం మాత్రం తెలుగు కాదు. ఏదో జట్టు తప్పు చేస్తే శిక్షగా దాని పరిమితి లాగేసుకున్నారని మావాడు అనుకున్నాడు. తప్పు వాడిది కాదు, ‘కోల్పోవడం’ అన్న మాటది. మనకు ఉన్నది, మనకు కావలసింది చేజారితేనే కోల్పోయాం అంటాం. చూపు కోల్పోయాడు, ప్రాజెక్టు కింద పొలం కోల్పోయారు. పరిమితి అలా కాదు, అది ఎవరో పెట్టేది. పెట్టినదాన్ని ఎత్తేస్తారు. కర్ఫ్యూ ఎత్తేశారంటాం గానీ ఊరు కర్ఫ్యూ కోల్పోయింది అనం కదా! ‘ప్రభావితం చేయగలదు’ కూడా అక్కర్లేదు. ‘జట్టు ఏమవుతుంది’ అంటే చాలు.

ఇంతవరకు నాకు అనుమానం లేదు. అసలు చిక్కు ‘శాలరీ క్యాప్’ దగ్గరే. ఈ వాక్యం అమెరికా ఫుట్‌బాల్ గురించి. అది కోడిగుడ్డు ఆకారం బంతితో, ఎక్కువగా చేతులతో ఆడే ఆట. వాళ్ల పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. ఏడాదికి ఒక జట్టు ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి ఇంతకు మించకూడదని 1994లో గీత గీశారు. అప్పుడది 3.46 కోట్ల డాలర్లు, 2025కి 27.92 కోట్లయింది. లెక్క జట్టు మొత్తానికి, ఒక్కో ఆటగాడికి కాదు. ‘జీతాల పరిమితి’ అంటే చదివేవాడికి ఒక్కొక్కరి జీతమే తోస్తుంది. మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి.

కడప నుంచి

ఐపీఎల్ వేలం రోజుల్లో పేపర్లలో ‘పర్సు’ అని రాస్తారు కదన్నా. 2025 సీజన్ వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. “పర్సులో ఇంకెంత మిగిలింది” అంటే చిన్న పిల్లలకు కూడా అర్థమవుతుంది.

అనంతపురం

బాగుంది తమ్ముడూ, వేలానికి సరిగ్గా అతుకుతుంది. కానీ ‘పర్సు ఎత్తేస్తే’ అంటే దొంగతనం అయిపోతుంది!

గుత్తి నుంచి

మన దగ్గర ‘సీలింగ్’ ఉంది కదా. 1973 భూసంస్కరణల చట్టాన్ని మా నాయన కాలం వాళ్లు ‘సీలింగ్ యాక్ట్’ అనే అన్నారు. ‘సీలింగ్ భూమి’, ‘సీలింగ్‌లో పోయింది’ అని ఇప్పటికీ మా మండలంలో వినబడతాయి. అందులో కూడా లెక్క కుటుంబం మొత్తానికి, మనిషి మనిషికీ కాదు. మీ జట్టు లెక్కా అంతే.

అనంతపురం

ఈ పోలిక నాకు తట్టలేదన్నా. ‘జీతాల సీలింగ్’ అంటే చదవగానే మొత్తం మీద అడ్డుగీత అన్న భావం వస్తుంది. ఇది నిలబడే మాటే.

కదిరి నుంచి, తెలుగు మాస్టారు (రిటైర్డ్)

నాయనలారా, మాట దొరికింది. అయితే అది ఎందుకు పెట్టారో కూడా ఆ మాటలో తెలియాలంటే చెరువు దగ్గరికి రావాల్సిందే. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లి బయటికి పోయే చోటును మన వైపు మరవ అంటారు, కొందరు మరువ అంటారు. తెలంగాణలో మత్తడి, అలుగు. నెల్లూరు వైపు కలుజు. కట్ట ఎంత ఎత్తున్నా చెరువులో నిలిచే నీళ్లు మరవ ఎత్తు వరకే. ఆపైన వచ్చిన ప్రతి చుక్కా కింది చెరువుకు పోవాల్సిందే. మన సీమ చెరువులు గొలుసుకట్టు. పైది నిండి మరవ పారితేనే కిందిదానికి నీళ్లు.

నా చిన్నప్పుడు మా పై ఊరివాళ్లు ఒక రాత్రి మరవ మీద ఇసుక మూటలు పేర్చినారు. జానెడు ఎత్తు, అంతే. తెల్లవారి మా వాగు చూస్తే నిన్నటి తడి తప్ప పారే నీళ్లు లేవు. మా నాయనా, ఇంకో నలుగురూ లాంతరు పట్టుకొని పోయి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఒక్కో మూటా లాగినారు. నేను గట్టు మీద కూర్చొని చూసినాను. మూట కదిలినప్పుడు నీళ్లు చేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

మీరు చెప్పే క్యాప్ నాకు ఆ మరవలాగే కనబడుతోంది. డబ్బున్న జట్టు దగ్గర మంచి ఆటగాళ్లు ఒక మట్టం వరకే ఆగుతారు, మిగిలినవాళ్లు కిందికి పారుతారు.

అనంతపురం

మాస్టారూ, దండాలు. ఈ పోలిక అక్కడి లెక్కకు ఎంత దగ్గరో చూడండి. అక్కడ గ్రీన్ బే అనే ఊరుంది. జనాభా లక్ష పైచిలుకు, మన అనంతపురం కంటే చిన్నది. ఆ ఊరి జట్టు ప్యాకర్స్‌కు కోటీశ్వరుడైన ఓనర్ లేడు. 1923 నుంచి జనమే వాటాలు కొని నడుపుకుంటున్నారు, వాటాలకు లాభం కూడా పంచరు. లీగ్‌కు వచ్చే దేశవ్యాప్త టీవీ డబ్బు 32 జట్లకూ సమానంగా పోతుంది. స్టేడియంలో ఖరీదైన బాక్సులు, స్పాన్సర్ల వంటి సొంత రాబడి మాత్రం ఎక్కువగా ఎవరిది వాళ్లకే. అక్కడే డాలస్ లాంటి పెద్ద ఊరి జట్టు పై చెరువు అవుతుంది. మరవ తీసేస్తే కింది చెరువుకు భయం సహజం.

కర్నూలు నుంచి

అన్నా, ఒక్క అనుమానం. 2010లో ఆ క్యాప్ నిజంగానే లేదు. ఆ సీజన్ కప్పు ఎవరిది? గ్రీన్ బేదే. 2011 ఫిబ్రవరి ఫైనల్‌లో పిట్స్‌బర్గ్ మీద 31–25. మరి మరవ పోతే కింది చెరువు ఎండుతుందన్న మాట ఎక్కడ నిలిచింది?

అనంతపురం

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం అక్కా. నేను కూడా దీనిమీద చాలాసేపు ఆలోచించినాను. ఆ ఏడాది పై మరవ ఒక్కటే పోలేదు. జట్టు కనీసం ఇంత ఖర్చు పెట్టాలన్న అడుగు గీత కూడా పోయింది. పైగా ఆటగాడు ఒప్పందం ముగిశాక తనకు నచ్చిన జట్టుకు పోవాలంటే మామూలుగా 4 ఏళ్లు ఆడితే చాలు, ఆ ఏడాదికి 6 అన్నారు. అంతకు ముందు సీజన్‌లో చివరి 8లో నిలిచిన జట్లకు బయటి ఆటగాళ్లను తెచ్చుకోవడంలో కట్టుబాట్లు పెట్టారు. అంటే మరవ తీసి, వాగుకు వేరేచోట అడ్డాలు వేసినారు. నీళ్లు ఎక్కడివక్కడే నిలిచినాయి.

అది ఒక్క ఏడాది ముచ్చటే అయింది. 2011లో ఓనర్లు లాకౌట్ చేసి, కొత్త ఒప్పందంతో క్యాప్ మళ్లీ తెచ్చినారు. 2012లో ఇంకో సంగతి. తర్వాతి ఏళ్ల జీతాల బరువు కూడా క్యాప్ లేని ఏడాదిలోనే దించేసుకున్నారని వాషింగ్టన్‌కు 3.6 కోట్ల డాలర్లు, డాలస్‌కు కోటి డాలర్లు వాళ్ల క్యాప్ లెక్కలోంచి కోసేశారు. మాస్టారు చెప్పిన ఇసుక మూటలే ఇవి! కాబట్టి 2010 గెలుపు ఆ జట్టు ప్రతిభ. దాన్ని చూపి మరవ అక్కర్లేదు అనడం నాకు ఒప్పదు.

కడప నుంచి

2021లో మెస్సీ ఏడ్చుకుంటూ బార్సిలోనా వదిలింది కూడా ఇలాంటి గీత వల్లే కదన్నా?

అనంతపురం

అవును, కానీ తేడా ఉంది. స్పెయిన్ లీగ్‌లో ఒక్కో క్లబ్బుకు ఒక్కో గీత. దాని రాబడి, అప్పులు చూసి కడతారు. కాబట్టి పెద్ద చెరువుకు పెద్ద మరవ. అమెరికాలో అందరికీ ఒకే ఎత్తు.

హైదరాబాద్‌లో ఉంటున్న ప్రొద్దుటూరు మనిషి

మాట ప్రాణంలా ఉంది గానీ, ఇక్కడ ‘జీతాల మరవ’ అంటే జీతాలు మరిచిపోవడం అనుకుంటారు.

కదిరి మాస్టారు

నిజమే నాయనా. శీర్షికలో సీలింగ్ రాయండి, లోపల వివరించేటప్పుడు మరవ చెప్పండి.

అనంతపురం

అట్లే చేస్తాను మాస్టారూ. మావాడి నోట్‌బుక్‌లో ఇలా రాసిచ్చినాను: “జీతాల మీద సీలింగ్ ఎత్తేస్తే చిన్న ఊరి జట్టు ఏమవుతుంది?” ఈసారి ఒక్కసారి చదివి, “మంచి ఆటగాళ్లు పెద్ద ఊరికి పోతారు మామా” అన్నాడు.