40 ఆంప్స్ మెయిన్ ఎంసీబీ 25 ఆంప్స్‌కే పడిపోతోంది, 63 వేసేయొచ్చా?

గోదారిగట్టు:
కాకినాడలో సొంత ఇల్లు, సింగిల్ ఫేజ్. మెయిన్ 40 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడి సప్లై ఆపే స్విచ్చి), డబుల్ పోల్ (ఫేజ్‌కి ఒకటి, న్యూట్రల్‌కి ఒకటి, రెండు దారులు), సీ-కర్వ్ రకం. 2003లో ఇల్లు కట్టినప్పుడు పెట్టిందే ఇంకా ఉంది. వరండా గోడకి మీటరు పక్కనే బాక్సు, దానిమీద పడమటి ఎండ పడుతుంది. సాయంత్రం రెండు ఏసీలు, 2 కిలోవాట్ల గీజరు కలిసి నడిస్తే ఇరవై నిమిషాల్లో మెయిన్ పడిపోతోంది. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పెడితే 25 ఆంప్స్ దాటడం లేదు. వెంటనే లేపితే లివర్ నిలబడదు, పది నిమిషాలాగితే నిలబడుతుంది. ఫేజ్ వైపు పై స్క్రూ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. సర్వీసు వైరు అల్యూమినియం, నేరుగా ఎంసీబీలోకే దిగింది. మెయిన్ నుంచి డీబీకి (గదులకి కరెంటు పంచే బోర్డు) 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. ఎలక్ట్రీషియన్ "లోడు పెరిగిందండి, 63 వేసేద్దాం" అంటున్నాడు. వేయించమంటారా?

వైరింగ్_పని:
63 వద్దండి. మీది లోడు సమస్య కాదు, వేడి సమస్య.

మంచి 40 ఎంసీబీ 45 ఆంప్స్ దాకా గంటసేపు పడకూడదు, 58 దగ్గర గంటలోపు పడి తీరాలి. ఆ లెక్క 30 డిగ్రీలకి కట్టింది. ఎండ పడే బాక్సులో 50 డిగ్రీలు ఉన్నా ఓ పది శాతం తగ్గుతుందంతే, 25కి దిగదు. లోపల రెండు లోహాల పట్టీ ఒకటి ఉంటుంది, అది వేడికి వంగితేనే లివర్ పడుతుంది. ఆ వేడి కరెంటు వల్ల వచ్చిందా, పక్కనే లూజైన స్క్రూ వల్ల వచ్చిందా అనేది పట్టీకి తెలియదు. చల్లారాకే లివర్ నిలబడుతోందన్నారు కదా, సంగతి అక్కడే తేలిపోయింది.

అల్యూమినియం స్క్రూ కింద మెల్లగా నలిగిపోతుంది, పైన ఆక్సైడ్ పొర కడుతుంది. మీది సముద్రపు గాలి కూడాను. ఆ అతుకులో 10 మిల్లీఓమ్‌లు పెరిగినా 25 ఆంప్స్ దగ్గర ఆరు వాట్ల పైనే వేడి. అదే కరెంటుకి బాగున్న పోల్ మొత్తం కలిపి మూడు వాట్లు దాటకూడదు.

63 వేస్తే ఏమవుతుందంటే, అది 71 ఆంప్స్ దాకా గంటసేపు కదలకుండా కూర్చోవచ్చు. మీ 6 స్క్వేర్ ఎంఎం వైరు ఇన్సులేషన్ ఈలోపు మెత్తబడిపోతుంది. లూజ్ కాంటాక్ట్ మాత్రం అలాగే ఉంటుంది, ఆపేవాడు లేక ఇంకా కాలుతుంది. ఇప్పుడు పడుతున్న మెయినే ఒక రకంగా మిమ్మల్ని కాపాడుతోంది.

మార్చేముందు ఒక కొలత తీయించండి. లోడు నడుస్తుండగా చేయాల్సింది కాబట్టి చేయి తిరిగిన ఎలక్ట్రీషియనే చేయాలి, ఇంట్లోవాళ్లు వద్దు. మల్టీమీటరు ముందు 600 వోల్టుల ఏసీ రేంజిలో పెట్టి, ఒకే పోల్‌కి పై స్క్రూ మీద ఒక ప్రోబు, కింది స్క్రూ మీద ఇంకొకటి ఆనించాలి. సున్నాకి దగ్గరగా చూపిస్తేనే మిల్లీవోల్టులకి దిగాలి. పొరపాటున ఫేజ్ మీదొకటి, న్యూట్రల్ మీదొకటి పెడితే 230 వోల్టులు వస్తాయి, అందుకే ఈ వరుస. 40 ఆంప్స్ పోల్‌కి 25 ఆంప్స్ దగ్గర సుమారు 117 మిల్లీవోల్టులు పరిమితి, అంతకు మించితే అక్కడ వేడి ఎక్కువ పుడుతోందని అర్థం. తర్వాత వైరు రాగి లేదా అల్యూమినియం బయటికి కనిపించే చోటు నుంచి దాని స్క్రూకి విడిగా కొలవాలి. మొదటిది ఎంసీబీ లోపలి సంగతి, రెండోది అతుకు సంగతి.

ప్యానెల్_బోర్డు:
పైన చెప్పింది ముందే పడిపోయే రకం. పాతవాటిలో అసలు పడని రకం కూడా ఉంటుంది, దానికి నేను ఎక్కువ భయపడతాను. ఏళ్ల తరబడి ఆన్‌లోనే ఉన్న ఎంసీబీలో గ్రీజు గట్టిపడి మెకానిజం బిగుసుకుంటుంది. ఎప్పుడో షార్ట్ సర్క్యూట్ ఆపినప్పుడు కాంటాక్టులు కొంచెం అతుక్కుని ఉంటే లివర్ కిందికి దిగినా కరెంటు పోదు. అందుకే లివర్ దింపాక టెస్ట్ ల్యాంపుతో రెండు పోల్స్ కింద చూడాలి. ఆరు నెలలకోసారి లోడు తీసేసి నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించండి. అరిగిపోతుందన్న బెంగ అక్కర్లేదు, ప్రమాణం ప్రకారం పూర్తి లోడు మీదే 4000 సార్లు తట్టుకోవాలి.

ఇంకొకటి. మెయిన్ అని ఉన్నవన్నీ ఎంసీబీలు కావు. ఐసోలేటర్ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ దానికి ట్రిప్ అయ్యే గుణమే లేదు. ముఖం మీద "సీ40" అని అక్షరంతో ఉంటే ఎంసీబీ, అక్షరం లేకుండా ఒట్టి ఆంప్సే ఉంటే అనుమానించండి. ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే స్విచ్చి) కరెంటు లీకేజీకే పడుతుంది, ఓవర్‌లోడ్‌కి పడదు.

త్రీ ఫేజ్ ఇళ్లవాళ్లు నాలుగో పోల్ చూసుకోండి. అక్కడ న్యూట్రల్ లూజైతే తక్కువ లోడున్న ఫేజ్ మీద వోల్టేజీ 230 నుంచి 400 వైపు ఎగబాకుతుంది. ఒక గదిలో బల్బులు మిలమిలా వెలిగి, పక్క గదిలో డిమ్మయితే వెంటనే మెయిన్ దింపేయండి. టీవీ, ఫ్రిజ్ బోర్డులు నిమిషాల్లో పోతాయి.

గోదారిగట్టు:
కొలిపించాను. 25 ఆంప్స్ దగ్గర న్యూట్రల్ పోల్ 70 మిల్లీవోల్టులు. ఫేజ్ పోల్ 260. పైన వైరు నుంచి స్క్రూకి 410! స్క్రూ బిగిస్తే సరిపోతుందా?

వైరింగ్_పని:
సరిపోదండి. 410 అంటే ఆ ఒక్క స్క్రూ దగ్గరే పది వాట్లు. 260 చూస్తే లోపలి కాంటాక్టు కూడా దెబ్బతింది. కాలిన క్లాంపుకి పట్టు పోతుంది, ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంది. ఎంసీబీ మార్చాల్సిందే.

మెయిన్ దింపినా పై స్క్రూలో కరెంటు ఉంటుందని మరవొద్దు. మీటరు తర్వాత కటౌట్ (ఫ్యూజు పెట్టే డబ్బా) ఉంటే ఫ్యూజు పీకేసి టెస్ట్ ల్యాంపుతో చూసుకుని పని మొదలుపెట్టాలి. లేకపోతే 1912కి ఫోన్ చేసి లైన్‌మన్ చేత స్తంభం దగ్గర విప్పించండి. మీటరు సీలు జోలికి వెళ్లొద్దు.

కొత్తది కూడా అదే: 40 ఆంప్స్, డబుల్ పోల్, సీ-కర్వ్, 10 కిలో ఆంప్స్ (షార్ట్ సర్క్యూట్‌ని ఆపగల సామర్థ్యం). ఐఎస్ఐ గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. పాత వైరు నల్లబడిన మేర తెల్లటి లోహం కనిపించేదాకా కత్తిరించాలి. అల్యూమినియాన్ని ఎమరీతో గీకి, వెంటనే కాంటాక్ట్ జెల్లీ రాసి, బైమెటల్ పిన్ లగ్గు (ఒకవైపు అల్యూమినియం, ఇంకోవైపు రాగి ఉండే కొన) సరైన డైతో క్రింప్ చేయాలి, అంటే నొక్కి బిగించాలి. తీగలు కొన్ని కత్తిరించి సన్నం చేసి దూర్చడం అస్సలు వద్దు. బిగింపు ఎంసీబీ మీద రాసిన టార్క్‌కే (స్క్రూ తిప్పే బలం), మామూలుగా 2 నుంచి 2.5 న్యూటన్ మీటర్లు.

వైరు క్లాంపు లోపలికి కాకుండా దాని వెనక్కి జారిపోవడం చాలా మామూలు తప్పు. స్క్రూ గట్టిగానే తిరుగుతుంది, వైరు మాత్రం పట్టులో ఉండదు. కరెంటు ఇవ్వకముందే ప్రతి వైరునీ గట్టిగా లాగి చూడమనండి.

ప్యానెల్_బోర్డు:
కొత్తది పెట్టాక అదే 25 ఆంప్స్ లోడు అరగంట నడిపి మళ్లీ మిల్లీవోల్టులు కొలిపించండి. రెండు పోల్స్ దగ్గరదగ్గరగా రావాలి. నెల తర్వాత సప్లై తీసేసి అల్యూమినియం వైపు స్క్రూలు ఇంకోసారి చూడాలి. బాక్సు పైన చిన్న రేకు చూరు కట్టించినా ఎండ తగలదు.