అడవిలో ఒంటరి చెక్క ఇల్లు: చలికాలం గడుస్తుందా?

ప్రశ్న:
ఉద్యోగం మానేసి మంచు ప్రాంతపు అడవిలో చిన్న చెక్క ఇల్లు కట్టుకోవాలని ఉంది. కరెంటు వద్దు, ఫోన్ అసలే వద్దు. వడ్రంగం కొంత వచ్చు. వేటాడి, చేపలు పట్టి ఏడాదంతా బతకొచ్చా? నిరుత్సాహపరిచినా సరే, నిజం చెప్పండి.

జవాబు:
వేట మీదే అంటే వద్దండి. కుందేలు లాంటి కొవ్వులేని మాంసమే తింటూ పోతే కడుపు నిండినా మనిషి చిక్కిపోతాడు. సైబీరియాలో లైకోవ్ కుటుంబం 1936లో అడవిలోకి వెళ్లి, 1978లో భూగర్భ శాస్త్రవేత్తల కంటపడేదాకా అక్కడే ఉంది. ఎక్కువగా ఆలుగడ్డల మీదే బతికారు. 1961 జూన్‌లో మంచు పడి పంట పోయింది, ఆ ఇంటి తల్లి ఆకలితో చనిపోయింది. తోట ఉన్నవాళ్ల సంగతే ఇది!

మరో జవాబు:
మరీ భయపెట్టకండి. అలాస్కాలో రిచర్డ్ ప్రెన్నెకీ 1968లో ట్విన్ లేక్స్ ఒడ్డున చేతిపనిముట్లతో ఇల్లు కట్టుకుని దాదాపు 30 ఏళ్లు గడిపాడు. కాకపోతే సరుకులు, ఉత్తరాలు చిన్న విమానంలో వచ్చేవి (ఇది ఎవరూ గుర్తుపెట్టుకోరు). ముందు కట్టెల సంగతి చూడండి. పచ్చికట్టె పొగే తప్ప వేడి ఇవ్వదు, ఏడాది ముందే చీల్చి ఆరబెట్టాలి. పొగగొట్టంలో పేరుకున్న మసి తీయకపోతే అంటుకుంటుంది. కట్టెలు కాలేటప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, బ్యాటరీ అలారం తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
అలారం సరే. ముందు ఆలుగడ్డలు పండించడం నేర్చుకుంటా. ఫోన్ మాత్రం వద్దు.

మొదటి జవాబిచ్చినవారు:
ఫోన్ వద్దంటే మానేయండి. ఆపదలో శాటిలైట్‌కు సంకేతం పంపే బీకన్ ఒకటి కొనండి. గొడ్డలి కాలికి తగిలితే కేక వినేవాళ్లు ఉండరు.