నాన్న తెల్లకాగితం మీద రాసిన వీలునామా చెల్లదా?

తెనాలి చిన్నమ్మాయి:
నాన్న సంక్రాంతి వెళ్లిన వారానికి కాలం చేశారు. బీరువాలో ఆయన చేతిరాతతో రెండు తెల్లకాగితాలు దొరికాయి. 2019లో రాసిన వీలునామా. 180 గజాల్లో కట్టిన స్వార్జితమైన ఇంటిని అమ్మకు రాశారు. కింద ఆయన సంతకం, పక్కింటి ఆయనది, నాన్నతో పనిచేసిన మాస్టారిది ఉన్నాయి. బ్యాంకులోని 9 లక్షల డిపాజిట్ ప్రస్తావన అందులో లేదు. దానికి నామినీ అన్నయ్య.

స్టాంపు కాగితం కాదు, రిజిస్టరు కాలేదు కాబట్టి అది చెల్లదని అన్నయ్య అంటున్నాడు. చెల్లినా కోర్టు నుంచి ప్రొబేట్ తెచ్చేదాకా ఇల్లు అమ్మ పేరుకు మారదట. డిపాజిట్ మాత్రం పూర్తిగా తనదేనట. అక్కా నేనూ పెళ్లయి వెళ్లిన వాళ్లం కాబట్టి మాట్లాడకూడదట. 40 ఏళ్లు వండిపెట్టిన ఇంట్లో అమ్మ ఎవరి దయ మీదా ఉండకూడదన్నదే నా తపన. తెలిసిన వారు చెప్పండి.

విశ్రాంత దస్తావేజు లేఖరి:
అమ్మా, 31 ఏళ్లు రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట కూర్చుని దస్తావేజులు రాశాను. మీ అన్నగారి మాటలు నా బల్ల ముందు ఎన్నోసార్లు విన్నాను.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్టరు చేయించడం రాసినవారి ఇష్టం. రిజిస్టరైన పాత వీలునామా ఉన్నా, తరువాత తెల్లకాగితం మీద సక్రమంగా రాసినదే నిలుస్తుంది. చట్టం గట్టిగా పట్టుకునేది సాక్షులను. ఇద్దరు ఉండాలి. నాన్నగారు సంతకం చేస్తుంటే వారు చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోట విని ఉండాలి. ఆపైన ఆయన ఎదుటే వారూ సంతకం పెట్టాలి. వివాదం కోర్టుకు వెళితే వారిలో కనీసం ఒకరు వచ్చి ఈ సంగతి చెప్పాలి. సాక్షులు బతికి ఉంటే ఈ వారమే కలవండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, లామినేషన్ చేయించకండి.

వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. చెన్నై, ముంబై, కోల్‌కతాల్లో చాలా కాలం అది లేనిదే పని జరిగేది కాదు. ఆ భయమే ఇక్కడికీ పాకింది. తెనాలిలో రాసిన, తెనాలి ఇంటికి సంబంధించిన ఈ వీలునామాకు అది తప్పనిసరి కాదు. మీ అన్నగారు అభ్యంతరం పెడితే మాత్రం సివిల్ కోర్టులో తేల్చుకోవలసి వస్తుంది.

ఇక డిపాజిట్. బ్యాంకు ఆ డబ్బు నామినీకే ఇస్తుంది, దానితో బ్యాంకు బాధ్యత తీరుతుంది. కానీ సొమ్ము అందుకున్నంత మాత్రాన సొంతదారు కారు. వారసులందరి తరఫున అందుకున్నట్టే. షేర్ల నామినీల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది. నాన్నగారు దానికి వీలునామా రాయలేదు కనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం సమాన వాటాలు. పెళ్లయిన కూతుళ్లకూ అంతే వాటా. ఒక్క ప్రశ్న: మీ నాయనమ్మగారు ఉన్నారా?

వరంగల్ పాఠకుడు:
సాక్షుల సంగతి తేలికగా తీసుకోకండి. మా మామయ్య వీలునామాకు సాక్షులిద్దరూ ఆయన కన్నా పెద్దవారు. ఆయన పోయేనాటికి ఇద్దరూ లేరు. చివరికి ఒక సాక్షి కొడుకు కోర్టుకు వచ్చి తన తండ్రి చేతిరాతను గుర్తుపట్టి చెప్పవలసి వచ్చింది. నాలుగేళ్లు తిరిగాం. నాదీ ఒక సందేహం: తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో వాటాలు తేలిపోవా?

విశ్రాంత దస్తావేజు లేఖరి:
తేలవు. కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో మాత్రమే అందులో ఉంటుంది. డిపాజిట్లు, షేర్ల కోసం సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం వేరు. దానితో ఇల్లు, పొలం రావు.

తెనాలి చిన్నమ్మాయి:
పక్కింటి ఆయన 2021లో పోయారు. మాస్టారు గుంటూరులో కూతురి దగ్గర ఉన్నారు. ఫోన్ చేస్తే, ఆ రోజు నాన్న ఏ రంగు సిరాతో రాశారో కూడా చెప్పారు. నాయనమ్మకు 88 ఏళ్లు, బాబాయి ఇంట్లో ఉంటుంది. ఆమె గురించి ఎందుకు అడిగారు?

విశ్రాంత దస్తావేజు లేఖరి:
కొడుకు పోతే తల్లి కూడా అతని భార్యాబిడ్డలతో సమానమైన వారసురాలు. మీరు నలుగురు అనుకుంటున్నారు, వాటాదారులు అయిదుగురు. ఒక్కొక్కరికి 1,80,000. తన వాటా ఏం చేయాలో ఆవిడే చెప్పాలి. చదివి వినిపించకుండా ఎవరూ ఆవిడ చేత వేలిముద్ర వేయించకూడదు.

తెనాలి చిన్నమ్మాయి:
నాన్న ప్రతి నెలా ఆమెకు మందుల డబ్బు పంపేవారు. ఆయన పోయాక మాలో ఎవరమూ పంపలేదు. ఆదివారం బాబాయి ఇంటికి వెళుతున్నాను. అన్నయ్యనూ రమ్మని అడుగుతాను.