టొబక్సీ కౌంటీ ఎక్కడుంది? చోక్టా, ఐరిష్ వంశవృక్షం విషయంలో సలహా కావాలి

కావలి మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను ముప్పయ్యొక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, పదవీ విరమణ తరువాత కావలిలోనే ఉంటున్నాను. మా అమ్మాయి అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలోని తల్సాలో కాపురముంటోంది. అల్లుడు అక్కడివాడే. పోయిన వేసవిలో వాళ్ల పిల్లవాడు ఇక్కడికి వచ్చినప్పుడు మా వంశవృక్షం తీసి చూపించాను. మాది కరణీకం చేసిన కుటుంబం కనుక ఏడు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పగలం. వాడు అంతా శ్రద్ధగా విని, "మరి మా నాన్న కొమ్మ ఏది తాతా?" అని అడిగాడు. ఆ కాగితం మీద అల్లుడి పేరు తప్ప ఆ వైపు ఇంకేమీ లేదు.

వియ్యపురాలిని అడిగితే తనకు తెలిసింది చెప్పి, రెండు ఫొటోలు పంపింది. ఆవిడ అమ్మమ్మ, అమెరికా ఆదివాసులలో ఒకటైన చోక్టా జాతి తల్లికీ, రైలు దారి పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన ఐరిష్ తండ్రికీ పుట్టిందట. మొదటి ఫొటో వాళ్ల ఇంటి బైబిలు లోపలి పుట. పిల్లల పుట్టుకలు సిరాతో రాసి ఉన్నాయి. మొదటి ముగ్గురి పేర్లు నిలువుగా, పొందికగా ఒక చేతిరాతలో ఉంటే, నాలుగో పేరు నుంచి కుడికి వాలిన వేరే చేతిరాత మొదలవుతుంది. రెండు పేర్ల పక్కన "టొబక్సీ కౌంటీ, సి.ఎన్." అని ఉంది. ఓక్లహోమా పటంలో డెబ్బయ్యేడు కౌంటీలూ వేలు పెట్టి చదివాను, టొబక్సీ కనబడలేదు.

రెండవది 1899 నాటి కార్డు. భర్త వయసు 44, భార్య వయసు 31, కింద పిల్లలు. ఆరేళ్ల పిల్లగా ఉన్నది వియ్యపురాలి అమ్మమ్మ. రక్తం అనే గడిలో భార్యకు 1/2, పిల్లలకు 1/4 అని వేసి, భర్తకు మాత్రం ఐ.డబ్ల్యు. అని రాశారు. భార్య తల్లి పేరు చివర "టబ్బీ" అని ఉంది. అది ఇంటిపేరో కాదో తెలియదు. భర్త పుట్టిన చోటు ఏ కాగితంలో చూసినా "ఐర్లండ్" అన్న ఒక్క మాటే కనిపిస్తోంది. ఒక దేశం పేరు పట్టుకుని ఊరు వెదకడం ఎలాగో తోచడం లేదు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

మన్నేరు ఒడ్డు:

మాస్టారు గారికి నమస్కారం. మాది కందుకూరు. పదకొండేళ్లుగా టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఉంటున్నాను. చోక్టా మొదలైన అయిదు జాతుల నమోదు కాగితాల అసళ్లు ఇక్కడి నేషనల్ ఆర్కైవ్స్ శాఖలోనే ఉన్నాయి. మా పక్కింటి పెద్దాయన చోక్టా. ఆయనకు తోడుగా వెళ్లి కొన్ని నెలలు ఇవే కార్డులు తిరగేశాను కనుక తెలిసినంత రాస్తాను.

ముందు టొబక్సీ సంగతి. మా తాత 1962లో కొన్న మాగాణి దస్తావేజు మీద నెల్లూరు జిల్లా అని ఉంటుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడి కందుకూరు తాలూకా అందులోకి పోయింది కనుక మా నాన్న రాయించిన పంపకాల కాగితంలో ప్రకాశం జిల్లా అని ఉంటుంది. 2022లో మమ్మల్ని మళ్లీ నెల్లూరులో కలిపారు. ఈ అరవై ఏళ్లలో మడి మాత్రం అంగుళం కదలలేదు. టొబక్సీ కథా అంతే. 1907 నవంబరులో ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడక ముందు అది ఇండియన్ టెరిటరీ, అంటే ఇండియన్లని పిలిచే అమెరికా ఆదివాసుల ప్రాంతం. అందులో చోక్టా నేషన్‌కు సొంత ప్రభుత్వం, మూడు పెద్ద జిల్లాలు, వాటి కింద సొంత కౌంటీలు, కౌంటీ కోర్టులు ఉండేవి. మీరు చూసిన సి.ఎన్. అంటే చోక్టా నేషనే. రాష్ట్రం రాగానే ఆ కౌంటీలన్నీ రద్దయ్యాయి. టొబక్సీ నేల ఇప్పుడు చాలావరకు మెకాలిస్టర్ పట్టణం ఉన్న పిట్స్‌బర్గ్ కౌంటీలో ఉంది. కాబట్టి 1907 తరువాతి కాగితాలు పిట్స్‌బర్గ్ కౌంటీ కోర్టులోనూ, అంతకు ముందువి ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ భద్రపరచిన చోక్టా నేషన్ రికార్డులలోనూ వెదకాలి. ఏ కాగితానికైనా, అది పుట్టిన నాడు ఆ నేల ఎవరి ఏలుబడిలో ఉందన్నదే మొదటి ప్రశ్న.

ఇక కార్డు. ఇది డాజ్ రోల్స్ అనే జాబితాల కోసం రాసిన నమోదు కార్డు. 1893లో ఏర్పాటైన డాజ్ కమిషన్, 1898 చట్టం తరువాత చోక్టా, చికసా, చెరొకీ, క్రీక్, సెమినోల్ జాతులవారి పేర్లు నమోదు చేసి, 1907 మార్చి 4న జాబితా మూసివేసింది. ఇది వంశచరిత్ర కోసం చేసిన పని కాదు. అప్పటిదాకా జాతి మొత్తానికి ఉమ్మడిగా ఉన్న భూమిని మనిషికింతని పంచడానికి చేసిన లెక్క. చోక్టాలకు సగటు నేల 320 ఎకరాల విలువకు సమానమైన భూమి వచ్చేది. పంపకం కోసం రాసిన కాగితంలో ఎవరు ఏం చెప్పి ఉంటారో, ఏం దాచి ఉంటారో కరణీకం చేసిన ఇంటివారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఐ.డబ్ల్యు. అంటే పెళ్లి వల్ల చోక్టా పౌరుడైన తెల్లవాడు. అది మీ పాలిట వరం అనుకోండి, ఎందుకంటే 1875 చోక్టా చట్టం ప్రకారం తెల్లవాడు చోక్టా స్త్రీని పెళ్లాడాలంటే, తనను కనీసం ఏడాదిగా ఎరిగిన పదిమంది చోక్టా పౌరులు అతని నడవడి మంచిదని సంతకాలు చేసిన పత్రం తెచ్చి, 25 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. నమోదు సమయంలో ఆ పెళ్లి రుజువు చూపకపోతే వాటా దక్కదు. అందువల్ల కార్డు ఒక్కటే చూసి ఆగకండి. కార్డు నంబరుతో జతపడిన దరఖాస్తు కట్ట ఒకటి విడిగా ఉంటుంది. వాంగ్మూలాలు, పెళ్లి కాగితాల నకళ్లు అందులోనే దొరుకుతాయి. కార్డు నంబరూ రోల్ నంబరూ వేరని గుర్తుంచుకోండి. కార్డు ఇంటికి ఒకటి, రోల్ నంబరు మనిషికి ఒకటి. కార్డు అడుగు భాగంలో ప్రతివారి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. ఐరిష్ ఆయన తండ్రి పేరు, పక్కన "పౌరుడు కాదు" అన్న మాటతో, అక్కడే ఉండాలి.

"టబ్బీ" గురించి. చోక్టా భాషలో "అబి" అంటే చంపడం. పూర్వం మగవారికి యుద్ధంలో వచ్చిన పేర్ల చివర ఇది తరచుగా ఉండేది. అది ఇంటిపేరు కాదు, ఒక మనిషికి వచ్చిన బిరుదు. గుమాస్తాలు తండ్రి పేరును కూతురికి ఇంటిపేరుగా రాసేశారు. అందుకే ఒకే తల్లి పిల్లలు వేర్వేరు "ఇంటిపేర్ల"తో కనిపిస్తారు. మన పిల్లల పాస్‌పోర్టుల్లో ఒకరికి తండ్రి పేరు, ఒకరికి ఇంటిపేరు చివరికి చేరి అన్నదమ్ములు పరాయివాళ్లయినట్టే ఇదీను.

ఉదయగిరి నీడ:

పై సమాధానం బాగుంది. రెండు మాటలు చేర్చదలచాను. రక్తం గడిలోని 1/2ను ప్రమాణంగా తీసుకోవద్దు. అది కమిషన్ ముందు చెప్పిన మాటను గుమాస్తా రాసుకున్న అంకె. అదే కుటుంబాన్ని 1900 సెన్సస్‌లో చూడండి. అందులో ఇండియన్ల కోసం విడిగా ఉన్న పత్రంలో తల్లిదండ్రుల జాతి, తెల్ల రక్తం వాటా అడిగారు. రెండు అంకెలూ కలవకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. 1885, 1896 సంవత్సరాలలో చోక్టా నేషన్ తానే తీసిన జనాభా లెక్కలూ ఉన్నాయి. 1890 సెన్సస్ కోసం మాత్రం కాలం వృథా చేసుకోకండి, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో దానిలో దాదాపు అంతా పోయింది.

రెండవది, ఇంటి కథలను నమ్మడంలో నిదానం అవసరం. మన వైపు ప్రతి పాత ఇంటికీ వెంకటగిరి సంస్థానంలో దివాను చేసిన ముత్తాత ఒకడు ఉన్నట్టే, అమెరికాలో ప్రతి పాత ఇంటికీ ఇండియన్ రాకుమారి అయిన ముత్తవ్వ ఒకతె ఉంటుంది. మీ దగ్గర కార్డు ఉంది కనుక ఆ భయం మీకు లేదు. ఉమ్మి సీసాలో పంపి చేయించే డీఎన్ఏ పరీక్ష మాత్రం జాతి పేరు చెప్పలేదు, చోక్టా నేషన్ దాన్ని రుజువుగా తీసుకోదు.

బిట్రగుంట షెడ్డు:

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. మా నాయనమ్మ ఆంగ్లో ఇండియన్, ఆవిడ తాత ఐరిష్. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మం, పెళ్లి, ఖననం నకళ్లు లండన్‌కు వెళ్లేవి కనుక మా పని కొంత సులువైంది. మీది వేరే సముద్రం. అయినా ఐర్లండ్ చేరాక ఇద్దరిదీ ఒకే గోడ.

ఆ గోడ పేరు 1922. అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి 1821 నుంచి 1851 వరకు ఉన్న సెన్సస్ పత్రాలు దాదాపు పూర్తిగా పోయాయి. 1861 నుంచి 1891 వరకు ఉన్నవాటిని అంతకు ముందే ప్రభుత్వం నాశనం చేసింది. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలే. మీ ఐరిష్ పెద్దాయన 1855 ప్రాంతంలో పుట్టారు. అక్కడ కాథలిక్కుల జననాల నమోదు 1864లో మొదలైంది కనుక ఆయనకు జనన ధ్రువపత్రం ఉండదు. మిగిలేది చర్చి రిజిస్టరు. కాథలిక్ పారిష్ రిజిస్టర్ల చిత్రాలను ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ 2015 నుంచి ఉచితంగా చూపిస్తోంది. ఆయన తండ్రి కౌలుకు చేసిన పొలం, 1847 నుంచి 1864 వరకు సాగిన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో దొరకవచ్చు. మన అడంగల్‌ లాగే అందులో కౌలుదారు పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం, పన్ను వేసే విలువ వరుసగా ఉంటాయి.

అయితే ఇవన్నీ ఊరు తెలిసినవాళ్లకే పనికివస్తాయి. ఊరిని అమెరికా వైపు నుంచే పట్టుకోవాలి. సమాధి రాయి, పత్రికలో మరణవార్త, పౌరసత్వపు కాగితం చూడండి. 1900 సెన్సస్‌లో ఆయన అమెరికా వచ్చిన సంవత్సరం ఉంటుంది. కాటీ అనే రైలు కంపెనీ వేసిన దారి చోక్టా నేల మీదుగా పడింది 1872లో, కనుక రెంటినీ పోల్చండి. కాథలిక్ అయితే పిల్లల బాప్తిస్మం చూడండి. మెకాలిస్టర్, క్రెబ్స్ చర్చిల సంగతి మీ అమ్మాయి ఉండే తల్సాలోని డయసీస్ (కాథలిక్ మేత్రాసనం) వారే చెప్పగలరు. ముఖ్యంగా బాప్తిస్మంలో బిడ్డకు పూచీగా నిలబడే జ్ఞానపితల, జ్ఞానమాతల పేర్లు రాసుకోండి. మా తాతగారి ఊరు మాకు ఆయన కాగితంలో దొరకలేదు. ఆయన బిడ్డకు జ్ఞానపితగా నిలబడిన సాటి గార్డు మరణ పత్రంలో దొరికింది. ఇద్దరూ ఒకే పారిష్ నుంచి వచ్చారు. ఊరు వదిలినవాళ్లు ఒంటరిగా వదలరు.

కావలి మాస్టారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక అనుమానం. ఐర్లండ్ కరువుకు చోక్టాలు 1847లో పంపిన సహాయం గురించి వియ్యపురాలు చాలా గర్వంగా చెబుతుంది. తమ ఐరిష్ తాత ఆ కృతజ్ఞతతోనే చోక్టా నేలకు వచ్చాడని వాళ్ల ఇంటి నమ్మకం. ఇంకొకటి, మనవడు చోక్టా నేషన్‌లో సభ్యుడు కావచ్చా?

మన్నేరు ఒడ్డు:

సహాయం నిజం. చోక్టాలను మిసిసిపీ నుంచి వెళ్లగొట్టిన పదిహేనేళ్లకే, 1847 మార్చిలో, స్కల్లీవిల్‌లో సమావేశమై ఐర్లండ్ కరువుకు 170 డాలర్లు పోగుచేశారు. కొన్నిచోట్ల 710 అని పొరపాటుగా అచ్చవుతుంది. ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీ మిడిల్టన్‌లో దాని గుర్తుగా తొమ్మిది ఉక్కు ఈకల శిల్పం ఉంది. కాని 1855లో పుట్టి రైలు పనికి వచ్చిన కుర్రవాణ్ణి అక్కడికి లాక్కొచ్చింది కూలి డబ్బే అనుకోవడం న్యాయం. వంశవృక్షంలో ఆ కథను "ఇంటి మాట" అని పక్కన రాయండి.

సభ్యత్వానికి కనీస రక్త శాతం లేదు. డాజ్ రోల్స్‌లో రక్తసంబంధం కింద నమోదైన ఒకరికి నేరుగా సంతతి అని రుజువైతే చాలు. ఐ.డబ్ల్యు. పేరు పనికిరాదు, ఆరేళ్ల అమ్మమ్మ పేరే ఆధారం. అక్కడి నుంచి మనవడి దాకా ప్రతి తరానికీ జనన పత్రం కావాలి. వియ్యపురాలికి ఇప్పటికే సభ్యత్వ కార్డు ఉందేమో ముందు అడగండి. ఉంటే పని సగం అయినట్టే. దరఖాస్తు డ్యూరాంట్‌లోని చోక్టా నేషన్ కార్యాలయానికి వెళుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. చోక్టాల పాత కట్టులో ఇక్స అనే వంశశాఖ తల్లి నుంచే వస్తుంది. మన సగోత్రాల మాదిరి ఒకే ఇక్సవారు పెళ్లాడకూడదు. పిల్లల మీద తండ్రి కంటే మేనమామకే ఎక్కువ అధికారం. ఆ లెక్కన కార్డులోని తల్లి నుంచి అమ్మమ్మకు, అమ్మకు, వియ్యపురాలికి, మీ అల్లుడికి ఇక్స తెగకుండా వచ్చింది. మీ మనవడికి మాత్రం మీ అమ్మాయి వల్ల రాదు. కాగితం మీద చోక్టా, ఇక్స లేని చోక్టా.

కావలి మాస్టారు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అమ్మాయి దరఖాస్తు కట్ట నకలు సంపాదించి పంపింది. పెళ్లి పత్రం ఉంది, 1887వ సంవత్సరానిది. మీరు చెప్పినట్టే కింద పది పేర్లున్నాయి. ఆరుగురు సంతకం చేశారు, నలుగురు గుణకారపు గుర్తు పెట్టారు. గుర్తులు పెట్టినవారిలో మూడో పేరు చివర, పెళ్లికూతురి తల్లి పేరు చివర ఉన్న "టబ్బీ" మాటే, అక్షరం తేడా లేకుండా ఉంది. ఆయన ఆ పిల్లకు మేనమామ అయి ఉంటాడా?

మన్నేరు ఒడ్డు:

కావచ్చు. 1885 లెక్కలో టొబక్సీ కౌంటీ పుటలు తీసి, ఆ పేరు మీద ఎంతమంది ఉన్నారో చూడకుండా పెన్నుతో మాత్రం గీయకండి. పెన్సిలుతో గీసి పెట్టుకోండి.