యుద్ధమో కోవిడో వస్తే ఖండాల మధ్య తిండి సాయం నిజంగా నడుస్తుందా?

ప్రశ్న: ఒక డౌట్ అండి. పెద్ద సంక్షోభం వచ్చినప్పుడల్లా ఆహార భద్రత కోసం దేశాలన్నీ కలవాలి అంటారు కదా, అది మీటింగుల్లో ఫొటోలకేనా, ఎక్కడైనా పనిచేసిందా?

రిప్లై 1: పనిచేసింది. 2022 జులైలో టర్కీ, ఐక్యరాజ్యసమితి మధ్యలో ఉండి నల్లసముద్రం ఒప్పందం కుదిర్చాయి, ఓపక్క రష్యాతో యుద్ధం నడుస్తుండగానే ఉక్రెయిన్ పోర్టుల నుంచి ధాన్యం ఓడలు కదిలాయి, ఇస్తాంబుల్‌లో నాలుగు పక్షాల వాళ్ళూ (రష్యా, ఉక్రెయిన్, టర్కీ, ఐక్యరాజ్యసమితి) కలిసి చెక్ చేసి వదిలేవాళ్ళు, ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నులు వెళ్ళాయి. 2023 జులైలో రష్యా తప్పుకుంది, అక్కడితో సరి.

రిప్లై 2: అందులో ఎక్కువ కొన్నది చైనా, స్పెయిన్ లాంటివే కదండీ, ఆకలితో ఉన్న దేశాలకి వెళ్ళింది తక్కువే.

రిప్లై 1: నిజమే, కాదనను. కానీ సరుకు మార్కెట్‌లోకి వస్తే రేటు మీద ఒత్తిడి అందరికీ తగ్గుతుంది.

రిప్లై 3: అసలు గొడవ ఎగుమతి బ్యాన్‌లే. 2007-08లో ఒకళ్ళని చూసి ఒకళ్ళు బియ్యం ఆపేశారు, పంట బానే ఉన్నా రేట్లు మండిపోయాయి (భయం అంతే మరి). 2011లో జీ20 వాళ్ళు ఎవరి దగ్గర ఎంత స్టాకుందో చెప్పుకోడానికి ఆమిస్ అని ఓ సమాచార వ్యవస్థ పెట్టారు. 2022లో డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఇంకోటి ఒప్పుకున్నారు, ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం కోసం కొనే సరుకుకి బ్యాన్ పెట్టకూడదని.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అండి, ఆ చివరిది నాకు అస్సలు తెలీదు.