“ఇంతింతై వటుడింతయై”: పొగడ్తా, ఫిర్యాదా?

గుణుపురం నుంచి (మొదటి పోస్టు)

ఒక చిన్న తగువు తీర్చాలి, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా రాయగడ, గజపతి జిల్లాల వైపు తెలుగులో సూపర్ పవర్స్ సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ రాసేవాళ్లు కొందరున్నారు. వెనకాల పబ్లిషర్ ఎవరూ లేరు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలుగా పెట్టుకుంటారు, చదివేదీ రివ్యూ రాసేదీ కూడా చాలావరకు వాళ్లలో వాళ్లే. వాళ్లలో ఒక తమ్ముడి సీరియల్ పర్లాకిమిడి చుట్టూ నడుస్తుంది. మొదటి భాగంలో హీరో నౌపడా-గుణుపురం లైన్ మీద పాత చిన్న రైలుని రెండు చేతులతో ఆపుతాడు. చెప్పులు అరిగిపోయి, కంకర మీద అరికాళ్లు చీరుకుపోయి, రైలు ఆగాక అక్కడే కూలబడి నీళ్లడుగుతాడు. ఎవరు చదివినా ఆ సీన్ దగ్గర ఆగిపోతారు. మూడో భాగంలో గూడ్సు రైలు ఆపాడు. నాలుగులో తుపానుని వెనక్కి తిప్పాడు. అయిదులో చంద్రుణ్ణి పక్కకి జరిపాడు.

అయిదో భాగానికి రివ్యూ రాసిన అక్క “హీరో ఇంతింతై వటుడింతయై అన్నట్టు పెరిగిపోయాడు” అని రాశారు. తమ్ముడు ఆ వాక్యాన్ని కవర్ మీద వేసుకున్నాడు. అది మెచ్చుకుంటూ రాసింది కాదు నాయనా అని అక్క అంటున్నారు. తెలుగులో ఆ మాటకి పొగడ్త తప్ప వేరే అర్థం ఉందా అని తమ్ముడు అడుగుతున్నాడు. పెద్దలు చెప్పండి.

పద్యం అందరికీ వచ్చు గానీ, చేతికందేలా ఇక్కడ పెడుతున్నాను. పోతన భాగవతం, అష్టమ స్కంధం, వామనుడు పెరిగే ఘట్టం:

ఇంతింతై వటుడింతయై మఱియు దా నింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

పర్లాకిమిడి, రిటైర్డ్ తెలుగు మాస్టారు

వాడుక వరకే అయితే తమ్ముడిదే గెలుపు. సన్మానపత్రాల్లో, సావనీర్లలో, పేపర్ హెడ్డింగుల్లో ఈ మాట పొగడ్తగానే ఉంది. బడ్డీకొట్టుతో మొదలెట్టి హోల్‌సేల్ దాకా ఎదిగినవాడికి వాడతారు గానీ, వడ్డీ పెరిగి పెరిగి అప్పు కొండంతైతే ఎవరూ వాడరు. అక్క వెటకారం చేసి ఉండొచ్చు. వెటకారం ఉందని తెలియాలంటే పక్కన ఇంకో మాట ఉండాలి, అది లేదు.

ఇక పద్యం దగ్గరికి వద్దాం. “ఇంత”, “అంత” అన్న మాటలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. మొదటి పాదంలో “ఇంత” నాలుగుసార్లుంది. ఇంత అనేది చెయ్యి పెట్టి చూపించే మాట, “మా మనవడు ఇంతయ్యాడండీ” అన్నట్టు. పిల్లవాడు పక్కనే ఉన్నాడు, చూపిస్తున్న చెయ్యి భుజం దాకా లేచింది, తల దాకా లేచింది. నభోవీధి దాటగానే ఆ మాట “అంత” అయిపోయింది. ఇక చేతికి అందడు, వేలు పెట్టి చూపించాల్సిందే. మేఘాల దగ్గర “అల్లంత”. ఇప్పుడు వేలు చాలదు, మెడ కూడా ఎత్తాలి. ఆ తర్వాత కాంతిరాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, అన్నిటికీ “అంత”. సత్యలోకానికి చేరేసరికి ఇంతా లేదు, అంతా లేదు. “సత్యపదోన్నతుండు”, “బ్రహ్మాండాంత సంవర్ధి”. కొలత మాటలు అక్కడితో అయిపోయాయి. చూపించడానికి బయట చోటు మిగల్లేదు.

సంస్కృత మూలంలో ఈ పెరగడం “తద్వామనం రూపమవర్ధతాద్భుతం” అన్న ఒక్క మాటలో తేలిపోతుంది. అక్కణ్ణుంచి ఆ రూపంలో ఏమేమి కనపడ్డాయో చెబుతుంది. మెట్టు మెట్టుకీ నిలబెట్టి చూపించింది పోతనే.

కాబట్టి నన్నడిగితే ఈ పద్యం పొగిడేది పెరిగినవాణ్ణి కాదు, పెరగడాన్ని. మెట్లు కనిపించకుండా పెరిగినవాడికి దీన్ని వాడితే అది పొగడ్తా కాదు, ఫిర్యాదూ కాదు. అతకదు, అంతే.

రాయగడ నుంచి

మాస్టారూ, మా అబ్బాయిది ఒడియా మీడియం. వటుడంటే ఎవరమ్మా అన్నాడు. ఉపనయనం అయిన బ్రహ్మచారి అని చెబితే మొహం తేలేశాడు. “ఆ గుంటడేరా” అన్నాను. టక్కున అర్థమైంది.

పర్లాకిమిడి, రిటైర్డ్ తెలుగు మాస్టారు

గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి కాదనగలనా తల్లీ. గుంటడే.

సీరియల్ రాసిన తమ్ముడు, పర్లాకిమిడి

నా మీద కేసు నడుస్తోంది కాబట్టి ఒక మాట చెప్పుకుంటాను. రైలు ఆపినవాడు తర్వాతి భాగంలో సైకిల్ ఆపితే ఎవరు చదువుతారండీ? కింద కామెంట్లన్నీ “నెక్స్ట్ ఏంటి బ్రో, ఇంకా పెద్దది కావాలి” అనే. ఇంగ్లీషులో సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్లదీ ఇదే బాధ. అమెజాన్ వాళ్ల చందా పథకం కిండిల్ అన్‌లిమిటెడ్ 2014లో వచ్చింది, 2015 జులై నుంచి పాఠకుడు చదివిన పేజీల లెక్కన రచయితకి డబ్బులు. పేజీకింత అన్నప్పుడు ఎవరైనా సిరీస్ ఆపుతారా? సాగుతుంది. సాగినకొద్దీ హీరో పెరగాల్సిందే. నాకు డబ్బుల్లేవనుకోండి, టెన్షన్ మాత్రం అదే.

ఇంకోటి. పెద్దవాళ్లు చెయ్యలేదా? 1938లో సూపర్‌మ్యాన్ మొదటి కథలో అసలు ఎగరడు. మైలులో ఎనిమిదో వంతు దూరం దూకుతాడు, ఇరవై అంతస్తుల మేడ దాటుతాడు, ఎక్స్‌ప్రెస్ రైలు కంటే జోరుగా పరుగెత్తుతాడు. ఫిరంగి గుండు పేలితే తప్ప చర్మానికి ఏమీ కాదు. ఎగరడం తర్వాత వచ్చింది. ఆ పైన గ్రహాలనే తోసేదాకా వెళ్లింది.

రివ్యూ రాసిన అక్క, రాయగడ

మిగతా కథ కూడా చెప్పు తమ్ముడూ. అంత పెంచాక ఎదురు నిలబెట్టడానికి విలన్ దొరకలేదు. చివరికి 1986లో కథని మొదటి నుంచి తిరగరాసి, బలం తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. దింపుకోవడానికి వాళ్లకి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. నువ్వు అయిదు భాగాల్లోనే అక్కడికి చేరావు.

నేను రాసిన వాక్యం వెటకారమే. మాస్టారు చెప్పినట్టు వెటకారానికి ఆనవాలు పెట్టలేదు, నిజమే. ఎందుకు పెట్టలేదో కూడా చెబుతాను. మనలో మనం రివ్యూలు రాసుకుంటున్నాం కదా, తెలిసినవాళ్ల మీద గట్టిగా రాయాలంటే కలం కదలదు. ఒంటెల పెళ్లికి గాడిదలు పాట కచేరీ చేశాయట. వీటి పాట విని అవి, వాటి అందం చూసి ఇవి మురిసిపోయాయి. “అహో రూపమహో ధ్వనిః” అంటామే, అదీ మన రివ్యూల పరిస్థితి. నువ్వు నాకు అయిదు చుక్కలు, నేను నీకు అయిదు చుక్కలు. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని అమెజాన్ రూల్సే ఒప్పుకోవు. యాప్‌లలో పట్టించుకునేవాళ్లు ఉండరు గనక నడిచిపోతోంది.

అందుకని భాగం భాగానికీ హీరో బలం ఇలా పెరిగిపోవడాన్ని ఇంగ్లీషు రివ్యూల్లో “పవర్ క్రీప్” అంటారే, దానికి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న మాటే వాడదామంటాను. వాపు. వాపుని చూసి బలుపనుకోవద్దని మన పెద్దవాళ్లు అనేదే. నాలుగు, అయిదు భాగాల్లో నీ హీరోది వాపు. మొదటి భాగంలో ఉన్నది బలం.

బరంపురం, లెక్కల మాస్టారు

నాకు ఛందస్సు రాదు, లెక్క వచ్చు. మనిషి ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ బరువు మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది. ఎత్తు పదింతలైతే బరువు వెయ్యి రెట్లు, ఎముక బలం వంద రెట్లు. 1638లో గెలీలియో తన పుస్తకంలో దీనికి ఎముక బొమ్మే వేసి చూపించాడు. ఈ లెక్కన వటుడు నభోవీధి దాకా కూడా చేరడు, మోకాళ్ల దగ్గరే విరిగిపోతాడు. పురాణానికి ఆ బెంగ లేదు, దేవుడు గనక. కథ మీద సైన్స్ ఫిక్షన్ అని బోర్డు పెట్టుకున్నవాడు మాత్రం జవాబు చెప్పాలి. చెప్పకపోయినా పరవాలేదు, ఒక వంక అయినా ఇవ్వాలి.

ఇంకో అనుమానం. ప్రభారాశి అంటే సూర్యుడనుకుంటే, చంద్రుడి కంటే సూర్యుడు కిందుండటమేమిటి? చంద్రుడు దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరం, సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్లు.

పర్లాకిమిడి, రిటైర్డ్ తెలుగు మాస్టారు

మంచి ప్రశ్న. భాగవతం లెక్క వేరు. పంచమ స్కంధంలో చంద్రుడు సూర్యకిరణాలకి లక్ష యోజనాల పైన ఉంటాడు. మూలంలో “అర్కగభస్తిభ్యః” అంటే సూర్యకిరణాలకనే ఉంది. పోతన సూర్యుడనకుండా ప్రభారాశి అనడం దానికి దగ్గరగానే ఉంది. ఆ గ్రంథంలో ఒకచోట చెప్పిన వరస ఇంకోచోట తప్పలేదు. నిజం ఆకాశానికి సరిపోవాలన్న నియమం దానికి లేదు, తన ఆకాశానికి తాను సరిపోయింది. తమ్ముడు నేర్చుకోవాల్సింది అదేనేమో. నీ లోకంలో చంద్రుడు కదిలితే సముద్రం పోటు ఏమైంది? గోపాల్‌పూర్ ఒడ్డున పడవలు ఎక్కడున్నాయి? అయిదో భాగం మొత్తం చదివాను, అలల మాటే లేదు.

సీరియల్ రాసిన తమ్ముడు

అది గుర్తు రాలేదు మాస్టారూ.

జయపురం నుంచి

ఇలా పెరగడానికి పేరే ఉంది కదా, “మహిమ”. అణిమ చిన్నదవడం, మహిమ పెద్దదవడం. అష్టసిద్ధుల్లో మొదటి రెండూ అవే. సూపర్ పవర్‌కి తెలుగు ఏమిటని ఇక్కడ ఎప్పుడూ కొట్టుకుంటారు, సిద్ధి అంటే సరిపోదా?

రివ్యూ రాసిన అక్క

సిద్ధి అంటే సాధన చేసి సంపాదించింది. ల్యాబులో పిడుగు పడి వచ్చిన దాన్ని సిద్ధి అనలేను. పవర్ అంటే అందరికీ తెలుస్తుంది, అదే ఉండనివ్వండి.

పర్లాకిమిడి, రిటైర్డ్ తెలుగు మాస్టారు

అసలు చెప్పాల్సింది మిగిలిపోయింది. “ఇంతింతై” తర్వాత వచ్చే పద్యం ఎవరూ ఎత్తడం లేదు. రాసేవాళ్లకి అదే ఎక్కువ పనికొస్తుంది.

రవిబింబం బుపమింప బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుడు దా బ్రహ్మాండముం నిండుచోన్.

ఇక్కడ పెరుగుతున్నవాడి సైజు ఒక్కచోట కూడా చెప్పలేదు. సూర్యుడు కదలకుండా ఉన్నచోటే ఉన్నాడు. ముందు వటుడి తల మీద గొడుగు. తర్వాత తలలో రత్నం, చెవికి పోగు, మెళ్లో హారం, దండ మీద కేయూరం, చేతికి కంకణం, నడుముకి గంట, కాలికి అందె. చివరికి పాదం కింద పీట. తొమ్మిది చోట్ల కనిపించేది ఒకటే సూర్యుడు. వాణ్ణి చూస్తే మనకి తెలిసేది వటుడి ఎత్తు. ఒకటి కదలకుండా నిలబెడితే రెండోది ఎంత కదిలిందో దానంతటదే కనిపిస్తుంది. తమ్ముడు ప్రతి భాగంలోనూ కొలబద్ద మార్చేశాడు. రైలయ్యాక తుపాను, తుపానయ్యాక చంద్రుడు. అలా మార్చుకుంటూ పోతే హీరో పెరిగాడో లేదో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

గుణుపురం నుంచి

అయితే చిన్న రైలునే సూర్యుణ్ణి చేసెయ్యొచ్చు కదా! ప్రతి భాగంలోనూ అదే లైన్, అదే రైలు.

బరంపురం, లెక్కల మాస్టారు

కుదరదు. ఆ లైన్ 1900లో రెండడుగుల ఆరంగుళాల గేజ్‌తో మొదలైంది. 2004లో మూసేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2011లో మళ్లీ రైళ్లు తిరిగాయి. మన కొలబద్దే మధ్యలో మారిపోయింది. కదలనిది కావాలంటే మహేంద్రగిరి ఉంది.

రాయగడ నుంచి

మా అత్తగారింట్లో ఒడియా భాగవతం చదువుతారు, జగన్నాథదాసుది. పాదానికి తొమ్మిదే అక్షరాలు. ఇంతింతై పాదం పంతొమ్మిది అక్షరాలంటే మా ఆడపడుచు నమ్మలేదు. వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. శార్దూలమేగా మాస్టారూ?

పర్లాకిమిడి, రిటైర్డ్ తెలుగు మాస్టారు

శార్దూలమే. పంతొమ్మిదీ సరే. రెండోది మత్తేభం, దానికి ఇరవై.

రివ్యూ రాసిన అక్క

సరే, రివ్యూ సరిచేస్తున్నాను. “మొదటి భాగంలో హీరో ఇంత. మూడో భాగంలో అంత. నాలుగు నుంచి ఎంతో నాకు తెలియలేదు.” తమ్ముడూ, ఇది కూడా కవర్ మీద వేసుకుంటావా?

సీరియల్ రాసిన తమ్ముడు

వేసుకుంటాను అక్కా. పాతది తీసేస్తాను. మాస్టారు చెప్పిన రెండో పద్యం పట్టుకుని ఆరో భాగం మొదలుపెట్టాను కూడా. మహేంద్రగిరి దగ్గరే. మొదటి అధ్యాయంలో కొండ ఎక్కలేక సగంలో కూర్చుండిపోతాడు, బలం పోయింది. మిగతావి ఆ కొండ పక్కనే జరుగుతాయి.

బరంపురం, లెక్కల మాస్టారు

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఎక్కడైనా ఆ అంకె మార్చావంటే ఈసారి రివ్యూ నేను రాస్తాను.