నాయనకు చెవి మిషన్: సర్కారుదా, ప్రైవేటుదా?

ప్రశ్న: మా నాయనకు 74 ఏండ్లు, ఉండేది ఆదోనిలో. రెండు చెవులూ సరిగా వినపడవు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసకపోవాలా, ప్రైవేటులో కొనాలా?

జవాబు: ముందు పెద్దాసుపత్రి ఈఎన్‌టీలో గులిమి తీయించి, ఆడియోగ్రామ్ (ఏ చెవికి ఎంత వినపడుతుందో చూసే పరీక్ష) చేయించన్నా. ఆ కాగితం ఎక్కడికి పోయినా పనికొస్తుంది. నెల ఆదాయం 15,000 దాటకుంటే, 60 నిండినోళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర సర్కారు పథకం కింద మిషన్ ఉచితం. అయితే చాలాసార్లు క్యాంపు పెట్టేదాకా ఆగాల.

జవాబు: ఉచితమని తక్కువ చేయొద్దు. చెవి వెనక పెట్టే మిషన్ పెద్దోళ్ల వేళ్లకు సులువు. కుయ్‌మని కూత వస్తే చాలాసార్లు మిషన్ చెడినట్టు కాదు, మోల్డ్ (చెవిలో దూర్చే ముక్క) వదులైనట్టు. చెవి అచ్చు తీసి కొత్తది చేయిస్తే పోతుంది.

జవాబు: ప్రైవేటులో డబ్బు పెట్టేది సెట్టింగు కోసమే. ఆడియోగ్రామ్ ప్రకారం కంప్యూటర్‌లో సెట్ చేస్తారా, తర్వాత మార్పులకు మళ్లీ డబ్బు అడుగుతారా, కొనకముందే తేల్చుకోండి. మిషన్‌లో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ పీకి, ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి.